ఐఈ, ఓఈ, యూఈ: వాషింగ్ మెషీన్ చెప్పేది విందాం

బ్యాంకు అధికారి ఇంట్లో వాషింగ్ మెషీన్‌ది కూడా బదిలీల ఉద్యోగమే. మూడేళ్లకోసారి లారీ ఎక్కుతుంది, కొత్త ఊరి నీళ్లు తాగుతుంది, కొత్త ఇంటి నేల మీద నిలబడుతుంది. అద్దె ఇంటి కుళాయి దానికి సరిపడుతుందో లేదో మనం అడగం. సరిపడనప్పుడు అదే చెబుతుంది, ముందున్న చిన్న తెర మీద రెండు అక్షరాలు వెలిగించి. ఆ రెండు అక్షరాలు చూడగానే మనలో చాలామంది మొదట చేసే పని మెషీన్ ఆపేయడం, రెండోది మెకానిక్‌కి ఫోన్ చేయడం. అమ్రోలిలో మా సొసైటీలోనూ, బ్రాంచికి వచ్చే తెలుగు కుటుంబాల దగ్గరా ఈ రెండేళ్లలో విన్న కథలను బట్టి చెప్పాలంటే, ఆ ఫోన్‌లలో సగానికి పైగా అక్కర్లేనివే. కొన్నయితే మెషీన్ చెడిపోవడం కంటే ఖరీదైనవి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందుగా ఈ కోడ్ అంటే ఏమిటో చూద్దాం. మనకు తెలిసిన ఉదాహరణ ఏటీఎం. లావాదేవీ ఆగినప్పుడు స్విచ్ నుంచి ఒక రెస్పాన్స్ కోడ్ వస్తుంది. 51 అంటే ఖాతాలో సొమ్ము చాలలేదు, 55 అంటే పిన్ తప్పు, 91 అంటే కార్డు ఇచ్చిన బ్యాంకు సర్వర్ అందుబాటులో లేదు. పని ఎక్కడ ఆగిందో కోడ్ చెబుతుంది. సొమ్ము ఎందుకు చాలలేదో, సర్వర్ ఎందుకు పడిపోయిందో చెప్పదు. వాషింగ్ మెషీన్ కూడా అంతే. లోపలి బోర్డుకు ప్రతి దశకూ ఒక గడువు ఉంటుంది. ఇన్ని నిమిషాల్లో నీళ్లు ఇంత మట్టానికి రావాలి, ఇన్ని నిమిషాల్లో బయటికి పోవాలి, పిండే ముందు బట్టలు డ్రమ్ములో సమంగా సర్దుకోవాలి. గడువు దాటితే పని ఆపి, ఆగిన దశ పేరు తెర మీద వేస్తుంది. ఇక్కడ "ఎర్రర్" అంటే మెషీన్ చెడిపోయిందని కాదు, అనుకున్న పని అనుకున్న సమయంలో జరగలేదని మాత్రమే. కారణం మెషీన్ లోపల ఉండొచ్చు, కుళాయిలో ఉండొచ్చు, నేల వంపులో ఉండొచ్చు, మనం వేసిన సబ్బులోనూ ఉండొచ్చు.

రెండో సంగతి, ఈ అక్షరాలు అన్ని కంపెనీలకూ ఒకటి కావు. ఎల్‌జీ మెషీన్‌లో ఓఈ అంటే నీళ్లు బయటికి పోవడం లేదని. శామ్‌సంగ్‌లో అదే ఓఈ లేదా ఓసీ అంటే నీళ్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ నిండాయని. ఎల్‌జీలో ఎల్ఈ అంటే మోటారు తిరగలేక పట్టేసిందని, శామ్‌సంగ్ ఫ్రంట్ లోడ్‌లో ఎల్ఈ లేదా ఎల్‌సీ అంటే ఎక్కడో నీళ్లు కారుతున్నాయని. ఒకాయన ఎల్‌జీకి చెప్పిన వైద్యం ఇంకొకాయన శామ్‌సంగ్‌కి చేస్తే రోగం అలాగే ఉంటుంది, మందు మాత్రం ఖర్చవుతుంది. అందుకే మెషీన్‌తో వచ్చిన మాన్యువల్ పారేయకండి. బదిలీ సామానులో అది ఎక్కడో పోయి ఉంటే, తలుపు తీశాక కనిపించే అంచు మీదో వెనక వైపో అంటించిన చీటీలో మోడల్ నంబరు ఉంటుంది. ఆ నంబరుతో కంపెనీ అసలు వెబ్‌సైట్‌లో మాన్యువల్ దొరుకుతుంది.

నీళ్లు రాలేదంటే

ఎల్‌జీలో ఐఈ, శామ్‌సంగ్‌లో 4ఈ లేదా 4సీ, బాష్‌లో ఈ17. అన్నిటికీ అర్థం ఒకటే: గడువులోగా నీళ్లు సరిపడా రాలేదు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకుందాం.

మొదట చూడాల్సింది కుళాయి తెరిచి ఉందా అని. నవ్వకండి, పనిమనిషి బాత్రూం కడుగుతూ ఆ కుళాయి కట్టేసి మరిచిపోవడం మా అంతస్తులో మూడిళ్లలో జరిగింది. తర్వాత నీళ్ల పైపు వెనక ఎక్కడైనా మడత పడిందా చూడాలి. మెషీన్‌ను గోడకు బాగా నెట్టేస్తే ఆ మడత తప్పదు.

మూడోది జాలీ. పైపు మెషీన్‌కు బిగించే చోట, లోపలి వాల్వ్ మూతిలో, వేలి గోరంత సన్నని జాలీ ఉంటుంది. ఇసుక, తుప్పు, ఓవర్‌హెడ్ ట్యాంకు మడ్డి వాల్వ్‌లోకి పోకుండా ఆపడం దాని పని. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది కొద్ది నెలలకే మూసుకుపోతుంది. కుళాయి కట్టి, ప్లగ్గు తీసి, పైపు చేత్తో విప్పి, జాలీని చిన్న పట్టకారుతో మెల్లగా లాగి, పాత పళ్లబ్రష్‌తో కడిగితే చాలు. సున్నపు పొర పేరుకుని ఉంటే నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టాలి. పది నిమిషాల పని. ట్యాంకు కడిగించిన మర్నాడు ఐఈ వస్తే మిగతావేవీ ఆలోచించకుండా నేరుగా జాలీ దగ్గరికే వెళ్లండి.

జాలీ శుభ్రంగా ఉన్నా కోడ్ వస్తోందంటే, లెక్క వేయాల్సింది ఒత్తిడి గురించి. నీటి మట్టం ఒక మీటరు ఎత్తుకు దాదాపు 0.1 బార్ ఒత్తిడి ఇస్తుంది. పది మీటర్లకు ఒక బార్. చాలా ఫ్రంట్ లోడ్ మెషీన్ల మాన్యువల్‌లో కనీసం 0.5 బార్ కావాలని, కొన్నిటిలో 1 బార్ కావాలని రాసి ఉంటుంది. అంటే ట్యాంకు అడుగుకూ మెషీన్ కుళాయికీ మధ్య కనీసం ఐదు మీటర్లు, కొన్ని మోడళ్లకు పది మీటర్లు తేడా ఉండాలి. అమ్రోలి, కోసాడ్, ఉత్రాణ్ వైపు ఉన్న నాలుగంతస్తుల సొసైటీల్లో కింది వాటాలకు ఈ లెక్క సరిపోతుంది. పై అంతస్తులో కుళాయికీ ట్యాంకుకీ మధ్య రెండు మూడు మీటర్లే ఉంటుంది, అంటే 0.3 బార్ కూడా కష్టం. ఆ ఇంట్లో మెషీన్ ఎంత కొత్తదైనా ఐఈ చూపిస్తుంది. మెకానిక్ వాల్వ్ మార్చినా చూపిస్తుంది, ఎందుకంటే లోపం మెషీన్‌లో లేదు, భవనం ఎత్తులో ఉంది. ఆ కుళాయికి చిన్న ప్రెషర్ పంపు పెట్టుకోవడమే దానికి మార్గం. తేల్చుకోవడానికి ఇంటి పరీక్ష ఒకటి: పైపు విప్పి అదే కుళాయి కింద పది లీటర్ల బకెట్ పెట్టండి. నిండడానికి రెండు నిమిషాలు దాటితే నేనైతే మెషీన్‌ని కాక కుళాయినే అనుమానిస్తాను. పాత ఊళ్లో కింది వాటాలో బాగా పనిచేసిన మెషీన్ కొత్త ఊళ్లో పై వాటాకు రాగానే మొండికేస్తే, మూవర్స్ వాళ్లను తిట్టే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఇంకో విచిత్రమైన ఐఈ ఉంది. కుళాయి ధార బాగుంటుంది, జాలీ శుభ్రం, మెషీన్‌లోకి నీళ్లు పోతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. అయినా నిండదు. అలాంటప్పుడు వెనక్కి వెళ్లి డ్రెయిన్ పైపు చూడండి. ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో మురికి నీళ్లను పంపు పైకి తోసి బయటికి పంపుతుంది కాబట్టి, ఆ పైపు కొస నేల నుంచి దాదాపు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. దాన్ని నేల మీది మోరీ రంధ్రంలోకి లోతుగా దూర్చేస్తే, ట్యాంకరు నుంచి గొట్టంతో డీజిల్ దించినట్టు, లోపలి నీళ్లు పంపుతో పని లేకుండానే బయటికి జారిపోతాయి. పైన పోస్తూ ఉంటే కింద పోతూ ఉంటుంది. కోడ్ నీళ్లు రాలేదంటుంది, అసలు దోషం నీళ్లు పోయే దారిది. కోడ్ చెప్పేది ఆగిన చోటే గాని కారణం కాదన్నది ఇందుకే.

నీళ్లు పోలేదంటే

ఎల్‌జీలో ఓఈ, శామ్‌సంగ్‌లో 5ఈ లేదా 5సీ, బాష్‌లో ఈ18. ఇక్కడ ముందు మీ మెషీన్ ఏ రకమో తెలియాలి. మన దేశంలో అమ్మే టాప్ లోడ్ మెషీన్లలో ఎక్కువవాటికి పంపు ఉండదు. ఒక చిన్న మోటారు వాల్వ్‌ను తెరిస్తే నీళ్లు వాటి బరువుతోనే కిందికి పోతాయి. కాబట్టి టాప్ లోడ్ డ్రెయిన్ పైపు నేల మీదే ఉండాలి, మధ్యలో గడపో గట్టో ఎక్కకూడదు. ఫ్రంట్ లోడ్ పైపు ఎత్తులో ఉండాలి. రెండూ సరిగ్గా వ్యతిరేకం. ఒకదాని నుంచి ఇంకోదానికి మారిన ఇంట్లో ప్లంబర్ పాత పద్ధతిలోనే పైపు బిగించి వెళ్లడం సర్వసాధారణం.

ఫ్రంట్ లోడ్‌కి ముందు వైపు కింది మూలలో చిన్న తలుపు ఉంటుంది. దాని వెనక తిప్పి తీసే ఫిల్టర్. జేబుల్లో మిగిలిన నాణేలు, పిన్నీసులు, గుండీలు, నూలు పీచు, పిల్లల సాక్సు అన్నీ చివరికి చేరేది అక్కడికే. శుభ్రం చేసేటప్పుడు వరస తప్పకూడదు: ప్లగ్గు తీయాలి, వేడి నీళ్లతో ఉతికి ఉంటే చల్లారనివ్వాలి, వెడల్పు పళ్లెం పెట్టాలి, పక్కనే సన్న గొట్టం ఉంటే ముందు దాని మూత తీసి నీళ్లు దించాలి, ఆ తర్వాతే ఫిల్టర్ తిప్పాలి. నేరుగా తిప్పేస్తే లోపలున్న బకెట్టు నీళ్లు గదిలోకి వస్తాయి. ఫిల్టర్ వచ్చాక టార్చి వేసి చూస్తే లోపల చిన్న ఫ్యాను కనిపిస్తుంది. వేలితో తిప్పితే అది నున్నగా తిరగదు, ఆగి ఆగి గెంతుతున్నట్టు తిరుగుతుంది. అది లోపం కాదు, అందులోని అయస్కాంతం లాగే తీరు. అసలు తిరగకపోతే మాత్రం ఏదో ఇరుక్కుందని అర్థం.

నూలు పీచు సంగతి మా సూరత్ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మగ్గాల మీద పనిచేసి వచ్చిన బట్టలకు అంటుకున్న దారపు పోగులు మామూలు ఇంటి మురికి లాంటివి కావు. ఉతికే ముందు బయట గట్టిగా దులిపితే ఫిల్టర్‌కి సగం పని తగ్గుతుంది.

నురగ కూడా ఓఈ తెప్పిస్తుంది. చేత్తో ఉతికే సబ్బు పొడి ఫ్రంట్ లోడ్‌లో వేస్తే డ్రమ్మంతా నురగ నిండి, పంపు నీళ్లకు బదులు గాలిని తోస్తుంది. కొన్ని శామ్‌సంగ్ మోడళ్లు ఎస్‌యూడీ అని వేసి నురగ సంగతి సూటిగానే చెబుతాయి, తగ్గేదాకా ఆగి వాటంతట అవే మళ్లీ మొదలుపెడతాయి. మిగతావి చెప్పవు. మ్యాటిక్ పొడి ధర ఎక్కువని దానిలో మామూలు పొడి కలిపే పొదుపు నాకు ఎప్పుడూ లెక్కకు నిలిచినట్టు కనిపించలేదు.

గెంతుతోందంటే

యూఈ, శామ్‌సంగ్ కొత్త మోడళ్లలో యూబీ: బట్టలు ఒక పక్కకు చేరాయి. మెషీన్ ఇంత పట్టింపు ఎందుకు చూపిస్తుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. డ్రమ్ము వ్యాసం అర మీటరు అనుకుందాం. నిమిషానికి 1200 చుట్లు తిరిగేటప్పుడు దాని గోడ మీద ఉన్న వస్తువు తన బరువుకు దాదాపు 400 రెట్లు బలంతో బయటికి నెడుతుంది. తడిసిన జీన్స్ ప్యాంటు ఒక పక్క అర కిలో ఎక్కువైతే, అది 200 కిలోల బలంతో సెకనుకు ఇరవై సార్లు మెషీన్‌ను చుట్టూ గుంజుతుంది. అందుకే బోర్డు ముందు మెల్లగా తిప్పి చూస్తుంది, సమంగా లేకపోతే నీళ్లు కలిపి బట్టలను మళ్లీ సర్దే ప్రయత్నం చేస్తుంది, కుదరకపోతే పిండనని ఆగిపోతుంది. ఒక్క దుప్పటి ఒంటరిగా వేస్తే ఇది తప్పదు. తోడుగా రెండు తువ్వాళ్లు వేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. చీర అయితే చుట్టుకుపోయి ముద్ద కట్టకుండా వల సంచీలో వేయాలి.

బట్టలు సరిగ్గానే ఉన్నా యూఈ వస్తుంటే మెషీన్ పై రెండు ఎదురు మూలల మీద చేతులు పెట్టి నొక్కండి. ఊగితే కాళ్లు సరిచేయాలి. కాళ్లకు ఉండే మర తిప్పి ఎత్తు సరిచేశాక, పైనున్న నట్టును గట్టిగా బిగించకపోతే నెలలోపు మళ్లీ మొదటికి వస్తుంది. చక్రాల స్టాండు మీద ఫ్రంట్ లోడ్ పెట్టడం నాకు నచ్చదు. ఊడ్చుకోవడానికి వీలే గాని, పిండేటప్పుడు దాని మీద నిలకడ ఉండదు.

మనలాంటి బదిలీల వాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైనది ట్రాన్సిట్ బోల్టులు. ఫ్రంట్ లోడ్ డ్రమ్ము లోపల స్ప్రింగుల మీద వేలాడుతూ, కింద షాక్ అబ్జార్బర్ల మీద ఆని ఉంటుంది. లారీలో అది ఊగిపోకుండా వెనక నుంచి నాలుగు పొడవాటి బోల్టులు బిగించి పంపుతారు, కొన్ని మోడళ్లకు సంఖ్య మారుతుంది. కొత్త ఇంట్లో వాటిని విప్పకుండా మెషీన్ నడిపితే గది దద్దరిల్లుతుంది, మెషీన్ నడిచి వస్తుంది. విప్పాక పారేస్తే, తర్వాతి బదిలీలో డ్రమ్ము దారంతా కొట్టుకుని చేరుతుంది. అవి, వాటి రంధ్రాలు మూసే ప్లాస్టిక్ బిరడాలు, మాన్యువల్ ఒకే సంచీలో వేసి, బ్యాంకు కాగితాల మాదిరి భద్రపరచండి.

తక్కినవి తొందరగా చెప్పుకుందాం. డీఈ లేదా డీసీ అంటే తలుపు పడలేదని, రబ్బరు అంచులో బట్ట ఇరుక్కుందేమో చూడాలి. పని అయిపోయాక తలుపు వెంటనే రాకపోతే గుంజకూడదు. ఆ తాళం లోపల కరెంటుతో వేడెక్కే చిన్న భాగం ఉంటుంది, అది చల్లారడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. గుంజితే విరిగేది పిడి. సీఎల్ ఎర్రరే కాదు, పిల్లలు మీటలు నొక్కకుండా వేసే తాళం. ఆ గుర్తున్న మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే పోతుంది. టీసీఎల్ డ్రమ్ము కడగమని గుర్తు చేయడం. పీఎఫ్ అంటే మధ్యలో కరెంటు పోయిందని.

ఎల్‌జీలో ఎఫ్ఈ వస్తే మాత్రం వెంటనే కుళాయి కట్టేయాలి, నీళ్లు మితిమీరి నిండుతున్నాయి. ప్లగ్గు తీసి, కుళాయి ఒక్క క్షణం తెరిచి చూడండి. కరెంటు లేకపోయినా లోపలికి నీళ్లు పోతుంటే వాల్వ్ మూసుకోవడం లేదు. ఆగిపోతే వాల్వ్ మంచిదే, మట్టం కొలిచే సెన్సరో బోర్డో చూడాలి. ఈ ఒక్క మాట మెకానిక్‌కి చెప్పగలిగితే అతను రెండు భాగాలు మార్చి రెండింటికీ బిల్లు వేసే అవకాశం తగ్గుతుంది. ఎల్ఈ, పీఈ, టీఈ, హెచ్ఈ లాంటివి మోటారు, సెన్సర్లు, హీటరుకు సంబంధించినవి. ప్లగ్గు తీసి పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టి చూడొచ్చు, బట్టలు తగ్గించి చూడొచ్చు. మళ్లీ వస్తే వెనక పలక విప్పడం మన పని కాదు. నీళ్లు, 230 వోల్టులు ఒకే పెట్టెలో ఉన్నాయి. రెండు కిలోవాట్ల హీటరు ఉన్న మెషీన్ తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి, ఎర్త్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టే వాడాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు. ముట్టుకుంటే జివ్వుమంటోందంటే కోడ్ ఉన్నా లేకపోయినా ప్లగ్గు తీసేయాలి.

ఫోన్ చేసే ముందు

ఇందాక ఖరీదైన ఫోన్ అన్నాను. మగ్గాల మీద పనిచేసే ఒక తెలంగాణ ఖాతాదారు ఓ సోమవారం పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి వచ్చారు. "సారూ, మిషిన్ల ఐఈ అని వచ్చింది. కంపెనీ నంబరని ఫోన్ల దొరికితే జేసిన. పది రూపాయలు కట్టి బుక్ జేయమన్నరు, ఏదో ఆప్ ఎక్కించుకోమన్నరు" అన్నారు. ఆ ఆప్ ఆయన ఫోన్ తెరను అవతలివాడికి చూపించేది. పది రూపాయలు కట్టడానికి ఆయన నొక్కిన పిన్ వాడు చూశాడు. నెల జీతంలో సగానికి పైగా పోయింది. మెషీన్‌లో ఉన్న జబ్బు మాత్రం ఇసుక నిండిన జాలీ, సాయంత్రం ప్లంబరు కుర్రాడు విప్పి కడిగితే నీళ్లు వచ్చాయి.

వెతికితే పైన కనిపించిన నంబరు కంపెనీదే అనుకోవడం ఈ మోసానికి మూలం. మాన్యువల్, వారంటీ కార్డు, మెషీన్ మీది చీటీ, కంపెనీ సొంత వెబ్‌సైట్, ఇవి తప్ప ఇంకెక్కడి నంబరూ వద్దు. సర్వీసు బుక్ చేయడానికి తెర చూపించే ఆప్ గాని, పిన్ గాని అవసరం లేదు. మన ఖాతాదారులకు కౌంటరు దగ్గర ఇది చెప్పడం మన పనిలో భాగమే. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు తానే చెల్లింపు వివరాలు ఇచ్చి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం ఆయనదే, తెలియజేశాక జరిగేది బ్యాంకుది. కాబట్టి ఆలస్యం చేసే ప్రతి నిమిషానికీ ఖరీదుంది. బ్యాంకుకు, 1930 సైబర్ నేరాల హెల్ప్‌లైన్‌కు వెంటనే చెప్పాలి. అసలు కంపెనీయే సర్వీసులో అన్యాయం చేసిందనిపిస్తే, అది వేరే దారి: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

కంపెనీకి ఫోన్ చేసేటప్పుడు చెప్పాల్సినవి ముందే కాగితం మీద రాసుకోండి: మోడల్ నంబరు, కొన్న తేదీ, కోడ్ అక్షరాలు, అది ఏ దశలో వచ్చింది, నీళ్లు నింపేటప్పుడా, దించేటప్పుడా, పిండేటప్పుడా, మనం అప్పటికే చూసినవి ఏవి. తెర మీద కోడ్ ఉండగానే ఫోటో తీసుకోవాలి, ప్లగ్గు తీస్తే పోతుంది. కొన్ని ఎల్‌జీ మోడళ్లు స్మార్ట్ డయాగ్నసిస్ అని ఫోన్ దగ్గర పెడితే కూతల రూపంలో తమ జబ్బు సర్వీసు వాళ్లకు వినిపిస్తాయి, ఆ గుర్తు మీ మెషీన్ మీద ఉంటే ఇంటికి మనిషి రాకుండానే కొన్ని తేలతాయి.

తాపీ ఒడ్డున ఉన్నవాళ్లకు ఇంకొక్క మాట. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుంచి వదిలిన నీళ్లు సూరత్‌లో చాలా భాగాన్ని ముంచేశాయి. కింది వాటాల్లో ఉండేవాళ్లు వానాకాలం గట్టి హెచ్చరిక రాగానే మెషీన్ ప్లగ్గు తీసి, వీలైతే ఎత్తు మీదికి చేర్చాలి. ఒకసారి అడుగు భాగం వరద నీళ్లలో మునిగిన మెషీన్‌ను, పైకి పొడిగా కనిపించినా, తెర మీద ఏ కోడూ లేకపోయినా, టెక్నీషియన్ విప్పి చూసేదాకా ప్లగ్గులో పెట్టకూడదు.